సౌదీలోని జుబైల్‌కు కొత్తగా వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ తమ్ముళ్లకు

మొన్న మా సైట్‌లో జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడి బండి పక్కకు ఒరిగింది. కేబుల్ కోసం తవ్వి పూడ్చిన కాలువలో ముందు చక్రం దిగబడింది. బెల్టు తీసి దూకబోతుంటే గట్టిగా అరిచాను. అదృష్టం బాగుండి బండి అక్కడే ఆగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇఖామా (ఇక్కడ ఉండే పర్మిట్), లైసెన్సు, క్యాంపు సంగతులు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది నేల గురించి.

ఇక్కడ సముద్రం పక్కన సబ్ఖా ఉంటుంది, మన చౌడు నేల లాంటిది. పైన ఉప్పు పెచ్చు కట్టి తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. కిందంతా తడి బురద. మనిషి నడిస్తే ఏమీ కాదు. మూడు టన్నులు ఎత్తే బండి తన బరువే నాలుగు టన్నులు దాటుతుంది. లోడు ఎత్తితే దాదాపు అంతా ముందు చక్రాల మీదే పడుతుంది.

హైదరాబాద్ గోడౌన్‌లో నున్నటి గచ్చు మీద నాలుగేళ్లు నడిపిన ధైర్యంతో, మొదటి నెలలోనే బ్లాకుల పాలెట్ ఎత్తుకుని దాని మీదికి పోయాను. పెచ్చు పటపటా పగిలింది. ఎడమ చక్రం జానెడు దిగేసరికి బ్లాకులన్నీ అటు జారిపడ్డాయి. రోజూ అటువైపే నిలబడే హెల్పర్ అప్పుడే నీళ్లకని వెళ్లాడు. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

అందుకే దిగి చూడండి. మూరెడు ఇనుప రాడ్డు బండిలో పెట్టుకుని, వెళ్లే దారిలో గుచ్చుకుంటూ నడవండి. సులువుగా దిగిందా, అటు పోవద్దు. నిన్న చూశాం కదా అనకండి, రాత్రి నీళ్ల ట్యాంకర్ తిరిగి ఉండొచ్చు! ఫోర్‌మన్ యల్లా యల్లా (తొందరగా, తొందరగా) అంటాడని టెన్షన్ పడకండి, అననివ్వండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. పన్నెండు కొట్టేలోపు ఇంకొక్క లోడు అని పరుగెత్తకండి.

లోడు కిందికి, మాస్ట్ (లోడు ఎత్తే ముందు స్తంభం) వెనక్కి. లోడుతో వాలు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు రివర్స్‌లో. వాలు మీద తిప్పొద్దు. గోడౌన్ బండిని మట్టిలోకి తీయమంటే కుదరదని చెప్పండి. బండి ఒరిగితే మాత్రం దూకొద్దు, పైనున్న ఇనుప చట్రం మీ మీదే పడుతుంది. బెల్టుతోనే ఉండి, స్టీరింగ్ బిగించి పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, బండి పడే వైపుకు కాకుండా అవతలి వైపుకు ఒరగండి.

నాకు ఈ నేల అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. మీకూ వస్తుంది లెండి. ఆ జగిత్యాల తమ్ముడు నిన్న పొద్దున నేను చెప్పకముందే రాడ్డు పట్టుకుని దారంతా నడిచొచ్చాడు.