లేజర్ హాచింగ్‌కి సంతకం పెట్టే ముందు ఏం అడగాలి?

నేను హైదరాబాద్‌లో ఎంబ్రియాలజిస్ట్‌ని, అంటే ఐవీఎఫ్ ల్యాబ్‌లో పిండాలను చూసుకునే పని నాది. పిండాన్ని గర్భసంచిలో పెట్టే ట్రాన్స్‌ఫర్‌కి ముందు ప్రతి జంటతో కాసేపు కూర్చుని మాట్లాడతాను. పోయిన ఎండాకాలం ఉప్పల్ నుంచి వచ్చిన ఒకావిడ కన్సెంట్ కాగితం చేత్తో పట్టుకుని, "మేడం, ఈ లేజర్ వద్దంటే, రేపు నెగెటివ్ వచ్చాక మా అత్తగారు ఊరుకోరు. పెట్టేయనా సంతకం?" అని అడిగారు. పక్కన ఆయన ఫోన్‌లో బ్యాంక్ బ్యాలెన్స్ చూసుకుంటున్నారు. ఆ రోజు వాళ్లకి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

పిండం చుట్టూ జోనా అనే పొర ఉంటుంది. దాని మందం సుమారు 15 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండదు. ఐదారు రోజులకి పిండం ఉబ్బి, ఆ పొరని చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడే గర్భసంచి గోడకి అతుక్కోగలదు. ఆ పొరకి ముందుగానే మేము దారి చేసి పెట్టడమే అసిస్టెడ్ హాచింగ్. మొదట్లో సన్నటి గాజు సూదితోనో, ఆమ్లం చుక్కతోనో చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా లేజరే.

ఫ్రీజింగ్‌లోంచి తీసిన పిండం గాలి తీసిన బెలూన్‌లా ముడుచుకుని ఉంటుంది. పొరకీ దానికీ మధ్య కాస్త ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ ఉన్నచోట, బిడ్డగా ఎదగాల్సిన కణాల గుంపుకి దూరంగా, స్క్రీన్ మీద గురి చూసి లేజర్ కొడతాం. మిల్లీసెకన్లలో అయిపోతుంది. కణాలకి వేడి తగలకూడదు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ క్షణంలో ఊపిరి బిగబడతాను.

చేయడం తేలికే. దానివల్ల బిడ్డ పుడుతుందా అన్నదే అసలు ప్రశ్న. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021 సమీక్ష 39 ట్రయల్స్, ఏడు వేల మందికి పైగా మహిళల వివరాలు కలిపి చూసింది. హాచింగ్ లేకుండా నూటికి 28 మందికి బిడ్డ పుడితే, హాచింగ్‌తో ఆ సంఖ్య 27 నుంచి 34 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని తేలింది. అంటే లాభం ఉందని గట్టిగా చెప్పలేం. కవలలు పుట్టే అవకాశం మాత్రం కొంత పెరగొచ్చు. అమెరికా ఫెర్టిలిటీ డాక్టర్ల సంఘం ఏఎస్ఆర్ఎం కూడా అందరికీ మామూలుగా చేయొద్దనే అంటోంది.

కాబట్టి మొదటి ప్రశ్న: "నా కేసులో ఎందుకు?" పొర మందంగా కనిపించిందా, మంచి పిండాలు పెట్టినా పదే పదే ఫెయిలయ్యాయా, వయసు వల్లా? కారణం మీ ఫైల్‌లోంచి చెప్పాలి. వీటిలో కూడా లాభం రుజువు కాలేదు, కానీ అప్పుడు కనీసం మీ గురించి మాట్లాడుతున్నట్టు. "అందరికీ చేస్తున్నామమ్మా" అంటే అది కారణం కాదు.

"హాచింగ్ చేస్తే మీ దగ్గర ఎంతమందికి సక్సెస్?" అని అడిగితే వచ్చే అంకె బీటా (గర్భం తెలిపే రక్తపరీక్ష) పాజిటివ్‌దా, స్కాన్‌లో గుండె చప్పుడు వినిపించినదా, బిడ్డతో ఇంటికెళ్లినదా అని తప్పకుండా అడగండి. ఈ మూడూ ఒకటి కావు. పాజిటివ్ అంకె ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. మీకు కావాల్సింది మూడోది.

పిండానికి జన్యు పరీక్ష చేయిస్తున్నారా? బయాప్సీకి కణాలు తీయడానికి ఆ పొరకి ఎలాగూ లేజర్‌తో కన్నం పెడతాం. మళ్లీ హాచింగ్ పేరుతో బిల్లు వేస్తే ఎందుకని అడగండి. అది ప్యాకేజీలో ఉందో, విడిగానో రాసిమ్మనండి. అడగడానికి మొహమాటపడకండి. ఐవీఎఫ్ లాంటి చికిత్సల కోసం తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం లాభనష్టాలు, ఖర్చు, కవలల రిస్క్‌తో సహా మీకు వివరించడం క్లినిక్ బాధ్యత.

ఉప్పల్ ఆవిడకి 31 ఏళ్లు, అది మొదటి ట్రాన్స్‌ఫర్, పొర మామూలుగానే ఉంది. నాకు కారణం కనిపించలేదని చెప్పాను. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే అత్తగారికి మీరే చెప్పాలి మేడం" అన్నారు. బయట కూర్చున్న పెద్దావిడని లోపలికి పిలిచి, ఆ పొర కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పిండాన్ని స్క్రీన్ మీద చూపిస్తే చేతులు జోడించారు. మనసులో ఏదో ఒకటి తక్కువైందన్న దిగులుతోనే చాలామంది సంతకం పెడతారు. ఆ దిగులు తీర్చడానికి పది నిమిషాలు మాట్లాడితే చాలాసార్లు సరిపోతుంది.

అన్నీ విన్నాక చేయించుకోవాలనే అనిపిస్తే చేయించుకోండి, తప్పేం లేదు. ట్రాన్స్‌ఫర్ రోజు సెంటు, డియోడరెంట్, మల్లెపూలు వద్దు. ల్యాబ్ గాలిలో ఆ వాసనలు ఉండకూడదు. పాజిటివ్ వస్తే, ఆరేడు వారాల స్కాన్‌కి వెళ్లినప్పుడు హాచింగ్ చేశారన్న సంగతి ఆ డాక్టర్‌కి ముందే చెప్పండి. పెట్టింది ఒక్క పిండమే అయినా అది రెండుగా విడిపోయి ఒకే పోలిక కవలలు కావొచ్చు. ఇద్దరికీ మాయ ఒకటేనా, వేరువేరా అన్నది మొదటి మూడు నెలల్లోనే బాగా తెలుస్తుంది. ఆ తర్వాత స్కాన్లు ఎన్ని రోజులకోసారి అన్నది దాన్నిబట్టే ఉంటుంది.