ఇంటిల్లిపాదీ హాట్ డాగ్ బండి దగ్గర తినాలంటే ఎలా?

హన్మకొండలో మిర్చి బజ్జీ బండి దగ్గరికి ఎవరూ ప్లాన్ వేసుకుని వెళ్లరు. నిలబడతాం, తింటాం, వచ్చేస్తాం. హాట్ డాగ్ బండి సంగతి వేరు. పొడుగాటి బన్ను, మధ్యలో సాసేజ్ (మెత్తగా రుబ్బిన మాంసంతో చేసిన గొట్టంలాంటి ముక్క), పైన మూడు రకాల సాస్‌లు. చేతికి, చొక్కాకు అంటకుండా తినడం మా ఇంట్లో సగం మందికి రాదు. మొదటిసారి ఆరుగురం ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు నక్కలగుట్ట వైపు ఒక బండికి పోయి, ఆరూ ఒకేసారి చెప్పేశాం. పెనం మీద ఒక్కసారికి మూడే పట్టాయి. మిగతా మూడూ వచ్చిందాకా ఆగుదామని అందరం చూస్తూ కూర్చుంటే, ముందు వచ్చినవి చల్లారి బన్ను సాస్‌కు నానిపోయింది. కుర్చీ దొరక్క మా అత్తమ్మ స్కూటీ మీద కూర్చుని తిన్నది. తప్పు బండి అబ్బాయిది కాదు, మాదే. ఆ తర్వాత నాలుగైదు సార్లు పోయి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా.

1. వారం చూసుకుని బయల్దేరండి

మా అత్తమ్మ సోమవారం, శనివారం నీసు ముట్టదు. మీ ఇంట్లో ఎవరికి ఏ వారం ఉందో ముందే తేల్చుకోండి. బండి దగ్గర గుర్తుకొస్తే ఒకరు చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి. సాయంత్రం ఆరున్నరకల్లా చేరితే కుర్చీలు దొరుకుతాయి, పెనం ఖాళీగా ఉంటుంది.

2. ముందు అడగండి, తర్వాత చెప్పండి

మొదటిరోజు అత్తమ్మ సూటిగా అడిగింది, "దీంట్ల ఏముంటది తమ్మీ?" అని. నేను కొంచెం మొహమాటపడ్డాను కానీ, అడగాల్సిన ప్రశ్న అదే. అమెరికాలో హాట్ డాగ్ సాసేజ్ ఎక్కువగా గొడ్డుమాంసంతోనో పందిమాంసంతోనో చేస్తారు. మన బండ్ల మీద దొరికేది చాలావరకు చికెనే. అయినా ప్యాకెట్ చూపించమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. దేంతో చేశారో, ఎప్పటిలోగా వాడాలో దాని మీదే ఉంటుంది. చతురస్రంలో గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం, పచ్చ చుక్క ఉంటే శాకాహారం. సాసేజ్‌లు ఐస్‌బాక్సులోంచి తీస్తున్నారా, పెనం పక్కన పళ్లెంలో పొద్దుటి నుంచి పడున్నాయా అన్నది కూడా ఓ చూపు చూడండి. పళ్లెంలో కనిపిస్తే నేనైతే పక్క బండికి పోతాను.

మయోనైజ్ అనే తెల్లటి చిక్కటి సాస్ గురించి కూడా అడగాలి. హైదరాబాద్‌లో జనం అస్వస్థతకు గురైన ఘటనల తర్వాత 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. "గుడ్డు లేనిదేనా?" అని అడగడం మాకు అప్పటి నుంచి అలవాటైపోయింది.

3. రెండు విడతలుగా చెప్పండి

బోర్డు మీద చీజ్, తందూరీ, పెరిపెరి అంటూ పది పేర్లుంటాయి. చాలాచోట్ల లోపలి సాసేజ్ ఒక్కటే, మారేది పైన పోసేదే. అందుకే మొదట సాదాది ఒకటి చెప్పి, తలా ఓ ముక్క తిని చూడండి. విరిస్తే మధ్యలోంచి పొగ రావాలి. పైన కాలి లోపల చల్లగా ఉంటే మళ్లీ పెనం మీద పెట్టమనండి. నచ్చితే అప్పుడు మూడు, అవి తింటుండగా ఇంకో మూడు. పెద్దవాళ్లకు, పిల్లలకు మొదటి విడతలోనే ఇప్పించండి. వెజ్ తినేవాళ్లుంటే వాళ్లది అన్నిటికంటే ముందు, శుభ్రంగా తుడిచిన పెనం మీద కాల్చమనండి. పనీర్‌దో ఆలూదో ఏదో ఒకటి ఉంటుంది.

4. సాస్ బన్నుకు కాదు, సాసేజ్‌కు

ఇది తెలిశాక మాకు చొక్కాలు ఉతికే పని సగం తగ్గింది. సాస్ బన్ను లోపల పూస్తే రెండు నిమిషాల్లో నానుతుంది. సాసేజ్ మీద గీతలా పోయించి, ఆపైన ఉల్లిపాయ తరుగు, చివర్న చీజ్ వేయించుకోవాలి. షికాగోలో అయితే పెద్దవాళ్లు హాట్ డాగ్ మీద టమాటా కెచప్ వేసుకోవడాన్ని పెద్ద తప్పులా చూస్తారు. వాళ్లకు మస్టర్డ్, ఉల్లిపాయ, టమాటా ముక్కలు, ఊరగాయ దోసకాయ ఉండాలి. మనకు అంత పట్టింపు అక్కర్లేదు. కానీ ఆ పసుపుపచ్చ మస్టర్డ్‌ను ఒక్కసారి పెద్దవాళ్ల వేలి మీద వేసి రుచి చూపించండి. మా అత్తమ్మ నాకి, ఒక్క క్షణం ఆగి, "ఇది ఆవపిండే గదా" అన్నది. నిజమే, అందులో ఉండేవి ముఖ్యంగా ఆవాలు, వెనిగర్, రంగుకు పసుపు. ఆవకాయ తిన్న నోటికి అదేం కొత్త? అప్పటి నుంచి ఆమెకు కెచప్ వద్దు, మస్టర్డే. రెడ్ చిల్లీ సాస్ మాత్రం విడిగా ఇమ్మనండి. ఎనుమాముల మిర్చి యార్డు ఉన్న ఊరివాళ్లం, మనకది కారమే కాదు గానీ పిల్లలకు కళ్లు మండుతాయి.

5. చిన్నపిల్లలకు నిలువుగా కోయించండి

నాలుగేళ్లలోపు పిల్లలు ఉంటే ఈ ఒక్కటి మాత్రం వదలొద్దు. సాసేజ్‌ను గుండ్రంగా కోస్తే ఆ బిళ్ల సరిగ్గా చిన్నపిల్లల శ్వాసనాళంలో ఇరుక్కునే సైజులో ఉంటుంది. అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2010లో ఈ విషయమై గట్టిగానే హెచ్చరించింది. మొదట నిలువుగా నాలుగు చీలికలు చేసి, తర్వాత సన్నగా తరగాలి. బండి అబ్బాయికి చెబితే కత్తెరతో చేసిస్తాడు. పిల్లలు పరుగెడుతూ తినకుండా కూర్చోబెట్టడం మన పని.

తరచూ తినిపించే వస్తువు కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో సాసేజ్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. మేం నెలకోసారి పెట్టుకున్నాం.

6. పార్సిల్ అయితే

బన్ను, సాసేజ్, సాస్ మూడూ వేరువేరుగా కట్టించండి. ఇంటికొచ్చాక దోసె పెనం మీద కాస్త వెన్న వేసి బన్ను ఒక్క నిమిషం కాల్చి, సాసేజ్ లోపలిదాకా వేడెక్కాక తినేముందే కలుపుకోండి. మోకాళ్ల నొప్పులతో మా మామయ్య బండి దాకా రారు కాబట్టి ఆయన వాటా ఎప్పుడూ పార్సిలే. బన్ను మనవడికి ఇచ్చేసి, సాసేజ్ ముక్కలు చేసుకుని, పచ్చిపులుసు అన్నంలో నంజుకుంటారు.