నవలలో కుర్రాడు దారి తప్పాలంటే ఎలా రాయాలి

వరంగల్ నేపథ్యంలో నవల రాస్తున్నారా, హీరోకి పైకి రావాలన్న కసి ఉందా? అయితే వాణ్ణి ఒక్క రాత్రిలో విలన్‌ని చేయకండి, ఎవరూ నమ్మరు. ముందు వాడి కోరికకు ఒక ధర పెట్టండి: చెల్లి ఫీజు, హన్మకొండలో అద్దె గది, సెకండ్‌హ్యాండ్ బండి. తర్వాత ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి) దగ్గర గుమస్తాగా కూర్చోబెట్టండి. మిర్చి బస్తాలు పోటెత్తే ఫిబ్రవరి, మార్చిలో, ఘాటుకు అందరూ తుమ్ముతుంటే, సేటు మెల్లగా "తేమ ఉందని బస్తాకు కిలో తరుగు రాయి" అంటాడు, కాయేమో గలగలలాడేంత ఎండి ఉంటుంది. వాడు రాస్తాడు. తక్‌పట్టీ (తూకం, ధర, కోతలు రాసిన చీటీ) అందుకున్న రైతు వాడి ఊరాయనే, "నువ్వున్నవ్ గద బిడ్డా, ఇగ చూసుడెందుకు" అని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుంటాడు. అసలు పతనం ఇక్కడే జరగాలి, పోలీసులొచ్చే చాప్టర్‌లో కాదు. రెండోసారి సేటు చెప్పకముందే వాడే రాసేయాలి. "అందరూ చేసేదే" లాంటి సాకులు వాడి నోటే చెప్పించండి, మీరు పక్కన నిలబడి తీర్పులివ్వకండి (అలాంటి పేజీలంటే నాకు మహా విసుగు). పట్టుబడాలా? అక్కర్లేదు. ఆ రైతు వచ్చే ఏడు కూడా సరుకు వాడి దగ్గరికే తెస్తే చాలు.