ఆఫ్టర్ ఎఫెక్ట్స్ స్క్రిప్టుతో వీడియో ఎక్స్‌పోర్ట్: సమస్యలు - పరిష్కారాలు

సమస్య: ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (యానిమేషన్, వీడియో ఎఫెక్టులు చేసే అడోబ్ సాఫ్ట్‌వేర్)లో ఎక్స్‌పోర్ట్ పనిని తనంతట చేసే స్క్రిప్టు మీ కంప్యూటరులో చక్కగా నడుస్తుంది, పక్క సీటులోని కంప్యూటరులో మాత్రం 'అప్లై టెంప్లేట్' అన్న వరుస దగ్గరే ఎర్రర్ చూపి ఆగిపోతుంది.

కారణం: అవుట్‌పుట్ మాడ్యూల్ టెంప్లేట్లు (వీడియో ఏ ఫార్మాటులో, ఎలా బయటకు రావాలో ముందే భద్రపరచిన సెట్టింగులు) ప్రాజెక్టు ఫైలులో ఉండవు. అవి తయారైన కంప్యూటరులోని ప్రిఫరెన్సులలో ఉంటాయి కనుక, ప్రాజెక్టును పంపినంత మాత్రాన టెంప్లేటు దాని వెంట వెళ్లదు.

పరిష్కారం: ఎడిట్ మెనూలోని టెంప్లేట్స్‌లో అవుట్‌పుట్ మాడ్యూల్ తెరిచి 'సేవ్ ఆల్' నొక్కితే ఏఓఎం ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలు ఒకటి వస్తుంది, దానిని రెండో కంప్యూటరులో అదే చోట లోడ్ చేయాలి. టెంప్లేటు ఉందో లేదో స్క్రిప్టే ముందుగా చూసుకునేలా రాయడం ఇంకా మంచిది. అయితే టెంప్లేట్ల జాబితాలో పేరును వెతకడానికి 'ఇండెక్స్ఆఫ్' అనే ఫంక్షన్ వాడితే అసలు తప్పు పోయి కొత్త తప్పు వచ్చి కూర్చుంటుంది. ఈ స్క్రిప్టులు రాసే భాష ఎక్స్‌టెండ్‌స్క్రిప్ట్‌కు ఆధారం 1999 నాటి ఎక్మాస్క్రిప్ట్ (జావాస్క్రిప్టుకు ప్రమాణం) మూడో ఎడిషన్. అందులో శ్రేణులకు (అర్రేలకు) ఆ ఫంక్షన్ లేదు. బ్రౌజరులో జావాస్క్రిప్టు రాసే అలవాటున్నవారు సాధారణంగా బోల్తా పడేది ఇక్కడే. 'ఫర్' లూపుతో పేర్లను ఒక్కొక్కటిగా పోల్చి, దొరకకపోతే ఆ టెంప్లేటు పేరుతో సహా సందేశం చూపించి ఆపేయాలి.

సమస్య: స్క్రిప్టులో అవుట్‌పుట్ సెట్టింగులు మార్చే 'సెట్ సెట్టింగ్స్' ఫంక్షన్ ద్వారా ఫార్మాట్ మార్చాలని చూస్తే మారదు.

కారణం, పరిష్కారం: సైజు మార్పు, క్రాప్, ఛానళ్ల వంటివి స్క్రిప్టుకు లొంగుతాయి కానీ ఫార్మాటు, కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) లొంగవు, వాటికి టెంప్లేటే దారి. కావలసిన ప్రతి ఫార్మాటుకూ ఒక టెంప్లేటును చేతితో తయారుచేసి, స్క్రిప్టులో ముందు దానిని వర్తింపజేసి, ఆ తర్వాతే మిగతా సెట్టింగులు, చిట్టచివర ఫైలు పేరు ఇవ్వాలి. ఫైలు పేరు ముందే ఇచ్చి ఆపై టెంప్లేటు మారిస్తే ఎక్స్‌టెన్షన్ తారుమారయ్యే అవకాశం ఉంది.

సమస్య: పారదర్శకంగా ఉండవలసిన టైటిల్ వెనుక ఎడిటింగ్‌లో నల్లటి నేపథ్యం కనిపిస్తుంది.

కారణం, పరిష్కారం: ప్రోరెస్ 422 అనే కోడెక్‌లో ఆల్ఫాకు (పారదర్శకతను మోసే ఛానల్‌కు) చోటు లేదు. టెంప్లేటులో ప్రోరెస్ 4444 ఎంచుకుని, ఛానళ్లను ఆర్‌జీబీ ప్లస్ ఆల్ఫాగా పెట్టాలి. రెండింటిలో ఏ ఒక్కటి మరిచినా ఫలితం నలుపే.

సమస్య: ఒక్క కంపోజిషన్ (ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో లేయర్లతో కూర్చిన ఒక దృశ్యం) రెండర్ చేయమంటే, అంటే వీడియో ఫైలుగా తయారుచేయమంటే, స్క్రిప్టు ఇంకేవో కూడా రెండర్ చేస్తుంది.

కారణం: రెండర్ క్యూ (రెండర్ కావలసిన వాటి వరుస)లోని 'రెండర్' ఫంక్షన్ స్క్రిప్టు చేర్చిన దానిని మాత్రమే కాక, వరుసలో టిక్కు పెట్టి ఉన్న వాటన్నిటినీ నడుపుతుంది. ఒక రాత్రి నాలుగు చిన్న టైటిళ్ల కోసం స్క్రిప్టు వేసి ఇంటికి వెళ్లిపోయాను; ఉదయానికి క్యూలో పైన మిగిలిపోయిన పాత బరువైన కంపోజిషన్ ఇంకా సగంలోనే ఉంది, నా నాలుగూ దాని కింద వరుసలో కాచుకుని ఉన్నాయి.

పరిష్కారం: కొత్తది చేర్చే ముందు క్యూ అంతా తిరిగి, 'క్యూడ్' స్థితిలో (రెండర్ కోసం కాచుకుని) ఉన్న ప్రతిదానికీ 'రెండర్' విలువను ఫాల్స్ చేయాలి, అంటే దాని టిక్కు తీసేయాలి. పూర్తయిన వాటిని ముట్టుకోకూడదు, వాటి మీద ఆ విలువ మార్చబోతే ఎర్రర్ వస్తుంది. ఈ లూపు సున్నాతో కాక ఒకటితో మొదలవ్వాలి, ఎందుకంటే క్యూలోని అంశాలకైనా అవుట్‌పుట్ మాడ్యూళ్లకైనా ఇక్కడ లెక్క ఒకటి నుంచే.

సమస్య: అవుట్‌పుట్ ఫోల్డరు లేదంటూ రెండర్ ఆగిపోతుంది, స్క్రిప్టులో ఫోల్డరు సృష్టించే వరుస ఉన్నా సరే.

కారణం, పరిష్కారం: ఫైళ్లు రాయడానికి స్క్రిప్టులకు అనుమతి మొదట్లో ఉండదు. ప్రిఫరెన్సులలో 'స్క్రిప్టింగ్ అండ్ ఎక్స్‌ప్రెషన్స్' కింద ఉన్న 'అలో స్క్రిప్ట్స్ టు రైట్ ఫైల్స్ అండ్ యాక్సెస్ నెట్‌వర్క్' పెట్టెలో టిక్కు పెట్టి, స్క్రిప్టును మళ్లీ నడపాలి.