మడత చాకుతో పుల్లలు చెక్కుతున్నారా? మొనతో పొడవకండి

వేసవి సెలవుల్లో పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి వేప పుల్లలతో బొమ్మలు చెక్కుతున్నారంటే మా కాలనీలో అందరికీ సంతోషమే. పోయిన వారం వాళ్లలో ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి చూపుడు వేలు తెగింది. పైకి చూస్తే గాయం చిన్నదే, కుట్లతో పోతుందనుకున్నారు. తీరా చూస్తే వేలు మడత పడటం లేదు. లోపల వేలిని లాగే తాడు లాంటిది, డాక్టర్లు టెండన్ అనేది, పూర్తిగా తెగిపోయింది. పిల్లాడు చేసిందల్లా బొమ్మకి కన్ను పెడదామని చాకు మొనతో పొడవడమే.

చాకు పదునుగా ఉంటుంది, జాగ్రత్త అని అందరూ చెబుతారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నేను చూసిన పెద్ద గాయాలన్నీ ఇలా అయినవే.

పాతకాలపు జేబు చాకుకి లాక్ ఉండదు. పిడి వీపున ఉండే స్ప్రింగు ఒత్తిడికే బ్లేడు నిలబడుతుంది. పదునుతో చెక్కేటప్పుడు బలం బ్లేడుని తెరుచుకునే వైపే నెడుతుంది కాబట్టి భయం లేదు. మొన చెక్కలో ఇరుక్కున్నాక పిడిని కాస్త ఊపారంటే బలం తిరగబడుతుంది, బ్లేడు టక్కున మూసుకుంటుంది. అది మూసుకునే గాడి మీదే మీ నాలుగు వేళ్లూ ఉంటాయి. ఒపినెల్ అనే ఫ్రెంచి మడత చాకుల్లో ఆరో నంబరు సైజు నుంచి మెడ దగ్గర తిప్పే రింగు ఉంటుంది, తిప్పితే బ్లేడు మూసుకోకుండా బిగుస్తుంది. 1955లో ఆ రింగు పెట్టింది ఇందుకే. మీ చాకుకి అలాంటిది లేకపోతే మొనతో పొడవకండి. రింగు ఉన్నా, తిప్పడం మరిచిపోతే లేనట్టే.

బెజ్జం కావాలంటే బరమా వాడండి. కన్ను పెట్టాలంటే పెన్సిలుతో గీసి, పదునుతో చిన్న గాటు పెట్టి పొట్టు లేపండి.

కర్ర విషయానికొస్తే, కొండపల్లి బొమ్మలకి తెల్ల పొణికి ఎందుకు వాడతారో చెక్కి చూస్తే తెలుస్తుంది, అంత మెత్తన. అది దొరక్కపోతే పచ్చి వేప, మామిడి కొమ్మలు చాలు. ఎండిన తుమ్మ జోలికి పోవద్దు. గట్టి కర్ర మీద చాకు జారుతుంది, జారితే విసుగు, విసుగొస్తే పొడవడం. గన్నేరు వద్దే వద్దు, అది విషం. జీడిమామిడి జిగురు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడనివ్వకండి.

ఒడిలో పెట్టుకుని చెక్కకండి. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కర్రని మోకాళ్లకి అవతల పట్టుకోండి. చెయ్యి చాచితే అందేంత దూరంలో ఎవరూ ఉండకూడదు. మొండి చాకు వద్దు, సానరాయి మీద పదును పెట్టాకే మొదలుపెట్టండి. ముడి వస్తే బలం పెట్టకండి, అవతలి వైపు నుంచి రండి. కర్ర పట్టుకున్న చేతికి కోత తట్టుకునే గ్లౌజు మంచిదే, కానీ అది గీతని ఆపుతుంది, పోటుని ఆపదు. నిలబడి చెక్కొద్దు. నడుస్తూ అసలే వద్దు. జారిన చాకుని పట్టుకోబోవద్దు, పడనివ్వండి. మాట్లాడాలంటే మూసేసి మాట్లాడండి. మూసేటప్పుడు వేళ్లు గాడిలో ఉండకూడదు. చీకటి పడితే ఆపేయండి. మళ్లీ చెబుతున్నా: మొనతో పొడవొద్దు, తవ్వొద్దు, మెలితిప్పొద్దు.

తెగిందా, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చెయ్యి పైకెత్తండి. పది నిమిషాల దాకా తీసి చూడకండి. పసుపు, కాఫీ పొడి వెయ్యకండి. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయండి. రక్తం ఆగాక ఒక్కొక్క వేలినీ, చివరి కణుపుతో సహా మడవమనండి. మడవకపోయినా, వేలి కొస మొద్దుబారినా కుట్లతో సరిపెట్టుకోవద్దు. తెగిన టెండన్ అరచేతిలోకి వెనక్కి పోతుంది, ఆలస్యమయ్యేకొద్దీ కలపడం కష్టం. చేతి ఆపరేషన్లు చేసే సర్జన్ దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో అక్కడ చెప్పండి.