వింత వంటకాల విందు సంఘానికి చరిత్ర రాసుకోవడం ఎలా?

హనుమకొండలోనో ములుగులోనో పదిమంది కలిసి, నెలకొకసారి అరుదైన వంటకం రుచి చూద్దామని సంఘం పెట్టుకుంటే, దాని చరిత్రను మొదటి విందునాడే రాయడం మొదలుపెట్టాలి. పదేళ్ల తరువాత గుర్తు తెచ్చుకుని రాయబోతే, తిన్నదానికంటే చెప్పుకున్నదే ఎక్కువవుతుంది.

1904లో న్యూయార్క్‌లో ఏర్పడిన ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ అనే అన్వేషక యాత్రికుల సంఘానికి జరిగింది అదే. 1951 నాటి వార్షిక విందులో వేల ఏళ్లు మంచులో ఉన్న మామత్ (అంతరించిన ఏనుగు జాతి జంతువు) మాంసం వడ్డించారన్న మాట దశాబ్దాలపాటు నిలిచింది. ఆ విందుకు రాలేకపోయిన ఒక సభ్యుడికి ముక్క పంపితే, ఆయన దాన్ని తినకుండా సీసాలో భద్రపరిచి, ఎప్పుడో అంతరించిన ‘మెగథీరియం’ అనే జంతువుదని చీటీ అంటించాడు. 2016లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డీఎన్‌ఏ పరీక్ష ఫలితం ప్రకటించారు: అది మామత్ కాదు, మెగథీరియమూ కాదు, ఆకుపచ్చ సముద్ర తాబేలు. విందు ఆరగించిన వారందరి మాటకంటే, తినని మనిషి దాచిన సీసాయే చరిత్రకు అక్కరకు వచ్చింది.

కాబట్టి ప్రతి విందుకు నోటుబుక్కులో ఒక పుట కేటాయించి, తేదీ, సరుకు దొరికిన ఊరు, తెచ్చినవారు, వండినవారు, వండిన తీరు అదే రాత్రి రాయించాలి. ఉదాహరణకు, తొలకరి వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు (రెక్కల చెదపురుగులు) పట్టారనుకుందాం. దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి పట్టారా, పుట్ట దగ్గరే పట్టారా, నూనె లేకుండా మూకుడులో వేయించి చేటలో చెరిగి రెక్కలు పోగొట్టారా, తరువాత ఏమి కలిపారు అన్నవి రాయకుండా ‘ఉసిళ్లు బాగున్నాయి’ అని మాత్రమే రాస్తే ఆ పుట ఎందుకూ కొరగాదు. రొయ్యలు పడనివారికి పురుగులూ పడకపోవచ్చు కనుక, ఎవరు తినలేదో, ఎందుకు తినలేదో కూడా రాయాలి. పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం: మన బోడకాకరను ఆంధ్రలో ఆగాకర అంటారు, సర్వపిండికి మరోచోట తపాలచెక్క అని పేరు, వండినవారి నోటి మాటనే ముందు రాసి, మిగిలిన పేర్లు పక్కన చేర్చాలి.

ఉడుము కూర తెస్తానని ఎవరైనా ఉబలాటపడితే ఒప్పుకోకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని వేటాడటం నేరం.

ఇక ఆ సీసాలా నమూనా దాచే సంగతి. ఇప్పపువ్వు లడ్డూలు చేసిననాడు, ఎండిన పువ్వులు నాలుగు చిన్న పొట్లం కట్టి ఆ పుటకే అంటించవచ్చు. ఉసిళ్లకైతే, వేయించకముందు దగ్గరగా తీసిన ఫొటో చాలు.