ఊళ్ల పేర్లను తప్పుల్లో కలపకుండా స్పెల్లింగ్ చూసుకోవడం

కొబ్బరి సరుకు ఉత్తరాలు ఇంగ్లీషులో టైపు చేస్తే అసలు తప్పుల కంటే ముమ్మిడివరం, అంబాజీపేటల కిందే ఎర్రగీతలు ఎక్కువ. లినక్స్ కంప్యూటర్లలో ఉచితంగా దొరికే, స్పెల్లింగ్ చూసే ప్రోగ్రాం హన్‌స్పెల్ (hunspell)తో ఈ గోల తప్పుతుంది.

ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు వరుసకొకటి చొప్పున ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిపెట్టుకోండి. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, హన్‌స్పెల్, మైనస్ ఎల్, మైనస్ పి, ఆ పేర్ల ఫైలు, చివర చూడాల్సిన ఫైలు: ఇదే వరుసలో, మధ్య ఖాళీలిస్తూ (మైనస్‌కూ దాని అక్షరానికీ మధ్య మాత్రం ఖాళీ వద్దు), చిన్న అక్షరాల్లో కొట్టండి; ఫైళ్ల పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. తప్పుగా తోచిన మాటలు మాత్రమే వస్తాయి. ఒకే మాట పదేపదే వస్తుంటే చివర నిలువుగీత పెట్టి సార్ట్ మైనస్ యు చేర్చండి.

ఒక్కటి మాత్రం దీనికి దొరకదు. పీచును చెప్పే 'కాయిర్'లో ఒక హెచ్ ఎక్కువ పడితే అది పాటల బృందం అవుతుంది; ఆ మాటా నిఘంటువులో ఉంది కాబట్టి వదిలేస్తుంది. బేరం ఉత్తరాలను పంపేముందు కళ్లతో ఒకసారి చదవాల్సిందే.